గోడల మీది వేడి, తీగలలోని వేడి

చార్మినారు నుండి పడమరగా లాడ్ బజారు గాజుల దుకాణముల నడుమ నడచి, 1892లో ఆస్మాన్ జా కట్టించిన మహబూబ్ చౌక్ గడియారపు గోపురమును దాటి, ఇంకను ముందునకు సాగువారికి హుస్సేనీ ఆలం అను పేట ఎదురగును. ఎత్తైన స్తంభములతో, ఐరోపా రీతి ముఖభాగముతో ఒకనాడు వైభవమొలికించి, పిదప చిరకాలము నిరాదరణకు లోనైన పైగా ప్రభువుల ఖుర్షీద్ జా దేవిడీ ఇచ్చటనే యున్నది. దాని చుట్టుప్రక్కల సున్నముతో కట్టిన మూరెడు మందపు గోడల పాత యిండ్లును, వాని సందులలో ఇటీవల లేచిన సిమెంటు అంతస్తులును, ఈ రెంటిని పెనవేసికొని గుమ్మము గుమ్మమునకు ప్రాకిన విద్యుత్తు తీగలును కలవు.

ఇట్టి పేటకు నీరు అనాదిగా శత్రువు. గత నూరేండ్లుగా నిప్పు మునుపటి కంటె మరింత దగ్గరి శత్రువైనది, ఏలయన ఇప్పుడది పొయ్యిలోనే గాక గోడలలో పారు తీగలలోను పొంచియున్నది. వాననీరు పైకప్పు బీటలలో దిగి, గచ్చును గోడ నుండి మెల్లమెల్లగా విడదీయును. ఐనను పెచ్చు ఊడిపడు దినము వరకు గోడ ముఖము నిర్వికారముగానే కనబడును. మీటరు బోర్డులో మర వదులైన తీగ నెలల తరబడి వేగుచుండును. ఐనను పొగ లేచువరకు మూత వెనుక జరుగునది ఎవ్వరికిని తెలియదు. 2019 మే 1వ తేదీ రాత్రి చార్మినారు మినారులలో ఒకదాని నుండి సున్నపు గచ్చు పెచ్చు ఊడి నేలపై పడెను. 2025 మే 18వ తేదీ ఆదివారము ఉదయము, చార్మినారుకు కూతవేటు దూరముననున్న గుల్జార్ హౌజ్ కడ ఒక భవనమున చెలరేగిన మంటలకు ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది బలియైరి. షార్ట్ సర్క్యూట్ కారణమై యుండునని అధికారులు ప్రాథమికముగా తెలిపిరి. ఫలానా యంత్రము ముందే యుండినచో ఈ దుర్ఘటనలు జరిగెడివి కావని పలుకుట సాహసమగును. కాని డొల్లయైన గచ్చును, వదులైన ముడియు తమ చేటును ప్రకటించుటకు ముందే తమ ఉపరితలపు వేడిని మార్చుకొనునని భౌతికశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది. ఆ మార్పును దూరమునుండి, తాకకయే, చిత్రముగా గ్రహించు విద్యయే పరారుణ ఉష్ణచిత్రణము.

ఈ విద్యను గూర్చి లోకములో ఒక భ్రమ కలదు: ఈ కెమెరా గోడల గుండ చూచునని. అది గోడ గుండ చూడదు. గోడ పైపొర తప్ప దానికి మరేమియు కనబడదు. లోపలి సంగతి పైపొరకు ఎప్పుడు, ఎట్లు చేరునో తెలిసినవానికే ఆ చిత్రము అర్థమగును. కావున ఈ అధ్యాయమున యంత్రము కంటె వేళకే ప్రాధాన్యము ఎక్కువ.

ఎరుపునకు ఆవల

సంగీత విద్వాంసుడుగా జీవితమారంభించి, 1781లో యురేనస్ గ్రహమును కనుగొని ఖగోళజ్ఞుడుగా ఖ్యాతిగాంచిన విలియం హెర్షెల్, 1800లో సూర్యకాంతిని పట్టకముచేత రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకమునుంచి పరీక్షించుచు, ఎరుపునకు ఆవల, కంటికి ఏమియు కనబడని చోట, పాదరసము ఇంకను పైకి ప్రాకుట చూచి ఆశ్చర్యపడెను. నలువదేండ్లకు, 1840లో, ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ మసి పూసిన కాగితమును ఆల్కహాలుతో తడిపి, దానిపై ఆ అదృశ్య కిరణములను పడనిచ్చెను. వేడి తగిలిన చోట్ల ద్రవము త్వరగా ఆవిరియై కాగితముపై ఒక ఛాయ ఏర్పడెను. లోకమున మొదటి ఉష్ణచిత్రము అదియే. అటుపిమ్మట అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ, వేడి సోకినప్పుడు లోహపు విద్యున్నిరోధము మారుననెడి ధర్మమును ఆధారము చేసికొని, 1880 ప్రాంతమున బోలోమీటరును నిర్మించెను. పావు మైలు దూరమున మేయు ఆవు వేడిని గూడ ఆ యంత్రము పసిగట్టెనని చెప్పుదురు.

నేటి కెమెరా ఆ బోలోమీటరునకు మునిమనుమరాలు. వెనేడియం ఆక్సైడు వంటి పదార్థముతో చేయబడి, మీటరులో లక్షవ వంతుకు కొంచెము మించిన కొలతగల వేలాది అణురూప బోలోమీటర్లు ఒక పలకపై వరుసలు తీరియుండగా, జెర్మేనియము కటకము వానిపై దృశ్యమును కేంద్రీకరించును. గాజు కటకము ఇచ్చట పనికిరాదు. మన కంటికి పారదర్శకమైన గాజు ఈ కిరణములకు గోడవంటిది. స్వీడనులోని ఆగా సంస్థ 1965లో విద్యుత్ లైనుల పరీక్షకై ఇట్టి యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. ద్రవ నత్రజనితో చల్లబరచుచు బండిమీద మోయవలసిన ఆనాటి భారీ యంత్రమునకు మారుగా, చేత పట్టుకొను కెమెరాలు 1990 తరువాత వ్యాపించినవి. మన విద్యుత్ ప్రసార సంస్థల సబ్‌స్టేషన్లలో థర్మోవిజన్ తనిఖీ అను పేర జరుగు పని ఈ పరంపరలోనిదే.

ఇక కిరణముల ధర్మము. నిరపేక్ష శూన్యమునకు పైనున్న ప్రతి వస్తువును వికిరణము వెదజల్లుచుండును; ఆ శక్తి నిరపేక్ష ఉష్ణోగ్రత నాల్గవ ఘాతముననుసరించి పెరుగునని 1879లో స్టెఫాన్ అనుభవపూర్వకముగా కనుగొనగా, 1884లో బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతపరముగా నిరూపించెను. 27 డిగ్రీల సెల్సియస్ వద్దనున్న ఆదర్శ కృష్ణవస్తువు ప్రతి చదరపు మీటరు నుండి సుమారు 459 వాట్లను వెలువరించును. ఆ వికిరణము 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యము చెంత ఉచ్చస్థితిలో నుండును. వాయుమండలము 8 నుండి 14 మైక్రాన్ల వరకు గల కిరణములను పెద్దగా అడ్డక పోనిచ్చుట మన అదృష్టము; కెమెరా చూచునది ఆ గవాక్షము నుండియే.

అన్ని పదార్థములును ఒకే తీరున వికిరణమొనర్పవు. సున్నపు గోడ, ఇటుక, కర్ర, మనుష్య చర్మము తమ ఉష్ణోగ్రతకు ఉచితమైన వికిరణములో నూటికి తొంబది వంతులకు తక్కువ కాకుండ వెలువరించును; మెరుగుపెట్టిన రాగి ఐదు వంతులను మాత్రమే వెలువరించి, తక్కిన తొంబదియైదు వంతులు పరిసరముల వేడినే అద్దమువలె ప్రతిఫలింపజేయును. ఈ నిష్పత్తికి ఉద్గారత యని పేరు. దీని నెరుగక పని చేయువాడు గోడల విషయమున స్వల్పముగా, విద్యుత్ బోర్డుల విషయమున ఘోరముగా మోసపోవును.

గచ్చు వెనుక డొల్ల

పాతబస్తీ కట్టడముల శోభయంతయు సున్నపు గచ్చు పనిలో నున్నది. డంగు సున్నములో ఇసుక కలిపి, సంప్రదాయానుసారముగా బెల్లపు నీరు, మారేడు గుజ్జు వంటివి చేర్చి, దినముల తరబడి నానబెట్టి, పొర మీద పొరగా పూసి, దానిని పూలుగా, తీగలుగా, కమానులుగా మలచిరి. ఇట్టి పొర గోడను విడిచినదో లేదో తెలియుటకు అనుభవజ్ఞుడైన మేస్త్రీ వ్రేళ్ల కణుపులతో గాని, చిన్న కొయ్య సుత్తితో గాని తట్టి చూచును; గట్టి చోట ఒక నాదము, డొల్ల చోట వేరొక నాదము. ఈ పరీక్ష నేటికిని శ్రేష్ఠమే. కాని 56 మీటర్ల మినారు శిఖరముపై ప్రతి జానెడును తట్టుటకు పరంజా కట్టవలెను, కట్టుటకు వ్యయమును కాలమును వలయును, తట్టుటచేతనే బలహీనమైన పెచ్చు రాలునను భయమును కలదు.

కెమెరా ఈ పనిని నేల మీదనుండి ప్రారంభించును. ఉదయపు టెండ గోడపై పడినప్పుడు వేడి గచ్చులో ప్రవేశించి లోపలి రాతిలోనికి దిగజూచును. గచ్చు వెనుక గాలి పొర యున్నచో, గాలి వేడిని పోనీయదు గనుక, అచ్చట వేడి నిలిచిపోయి ఆ భాగము తక్కిన గోడకంటె ఒకటి రెండు డిగ్రీలు అధికముగా వేడెక్కును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట కథ తలక్రిందులగును: లోపలి రాతి నుండి వచ్చు వేడి డొల్లను దాటలేక పోవుటచే ఆ పలుచని పొర తన వేడిని గాలికి ఒప్పగించి, తక్కిన గోడకంటె ముందు చల్లబడును. అనగా ఒకే డొల్ల మధ్యాహ్నము ప్రకాశవంతముగా, రాత్రి ఛాయగా కనబడును. ఈ రెంటి నడుమ ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, భేదము శూన్యమై డొల్ల పూర్తిగా అదృశ్యమగు వేళలు కలవు. ఆ వేళలో కెమెరా పట్టినవాడు రోగగ్రస్తమైన గోడకు ఆరోగ్య పత్రము వ్రాసి యిచ్చును.

లోతునుబట్టి గూడ వేళ మారును. వేడి ఒక పదార్థములో వ్యాపించుటకు పట్టు కాలము లోతు యొక్క వర్గమును అనుసరించును. సున్నపు గచ్చు వంటి దానిలో ఒక సెంటీమీటరు లోతుననున్న లోపము తన జాడను ఉపరితలమునకు పంపుటకు స్థూలముగా మూడు నిమిషములు చాలును. రెండు సెంటీమీటర్లకు పదమూడు నిమిషములు. ఐదు సెంటీమీటర్లకు గంటకు మించి ఇరువది నిమిషములు. అంతేకాక లోతు పెరిగిన కొలది జాడ పలుచనగును. అందుచే పై గచ్చు పొరల పరీక్షకు ఈ విద్య మిక్కిలి తగినది. గోడ గర్భమున మూరెడు లోతునున్న బీటను కనుగొనుటకు ఇది తగదు.

సూర్యుని కృపపై ఆధారపడక, మనమే దీపములతో ఉపరితలమును వేడిచేసి, ఆ వేడి అలలవలె లోనికి పోయి తిరిగి చెప్పు సమాచారమును లెక్కించు పద్ధతులును కలవు. అట్టి అలల పౌనఃపున్యమును క్రమముగా మార్చుచు వేర్వేరు లోతుల లోపములను ఒకే పరీక్షలో పట్టు విధానమును గూర్చి ఢిల్లీ ఐఐటీలో రవిబాబు ములవీసల, సునీత్ తులి 2006లో సిద్ధాంత పత్రమును ప్రకటించిరి. సూర్యుడు దినమునకొకసారి పంపు అల ఒక్కటే. ప్రయోగశాల మన చేతికిచ్చునది అనేక అలలను మన యిచ్చ వచ్చినట్లు పంపు స్వాతంత్ర్యము.

పాత గోడలు వేసవిలో చల్లన యేలయను ప్రశ్నకు గూడ ఈ అలల గణితమే సమాధానము. దినచర్య ప్రకారము పెరిగి తరుగు వేడి సున్నపు గోడలో సుమారు 12 సెంటీమీటర్లు పోవుసరికి మూడవ వంతు కంటె కొంచెమెక్కువగా మాత్రమే మిగులును. నలువదియైదు సెంటీమీటర్ల గోడను దాటునప్పటికి నూటికి సుమారు రెండు వంతులు మాత్రమే మిగులును. ఆ మిగిలినదియు పదునైదు గంటలు ఆలస్యముగా, అనగా మధ్యాహ్నపు మంట మరునాటి వేకువకు, లోపలికి చేరును. ప్రక్కనే లేచిన కొత్త యింటి 12 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబు మాత్రము వేడి ఒడిదుడుకులలో నూటికి నలువది వంతులను మూడు నాలుగు గంటలలోనే గదిలోనికి దింపును; అందుచే ఆ గదిలో నిద్రపోవు వేళకే కప్పు కాలుచుండును. మే మాసపు రాత్రి ఈ రెండు ఇండ్ల లోకప్పులను ఒకే చిత్రమున చూచినవారికి, పైకప్పుల చల్లదనమునకై తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానము ఎందులకో వేరుగా చెప్పనక్కరలేదు.

చెమ్మ యొక్క ద్విముఖము

నీటిని కెమెరా నీరుగా చూడదు. నీటివలన మారిన వేడిని చూచును. కొత్త కుండలో పోసిన నీరు చల్లబడుట ఏ సూత్రముననుసరించియో, చెమ్మగిలిన గోడ చల్లబడుటయు ఆ సూత్రముననే: ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2450 జౌళ్ల వేడి కావలెను, ఆ వేడిని గోడనుండి తీసికొనినచో కిలోగ్రాము గచ్చు దాదాపు మూడు డిగ్రీలు చల్లబడును. గాలి పొడిగా నున్న దినమున చెమ్మ మచ్చ చుట్టుప్రక్కల కంటె నల్లనై స్పష్టముగా కనబడుటకు కారణమిదియే. శ్రావణ మాసపు ముసురులో, గాలి తానే నీటితో నిండి యున్నప్పుడు, ఆవిరి లేదు, చల్లదనము లేదు. గోడ తడిసి ముద్దయైయున్నను చిత్రమున ఏమియు అగపడకపోవచ్చును.

పైకప్పు విషయమున చెమ్మ తన రెండవ ముఖమును చూపును. సమాన పరిమాణమునకు గచ్చు కంటె నీరు ఇంచుమించు మూడింతల వేడిని దాచుకొనును. ఎండకాచిన మిద్దెపై ప్రొద్దుగ్రుంకిన రెండు మూడు గంటలకు పొడి భాగములు చల్లబడగా, లోపల నీరు నిలిచిన భాగములు ఇంకను వెచ్చగా నుండి కాంతివంతమైన మచ్చలుగా తేలును. హుస్సేనీ ఆలమునకు అనతిదూరమున మక్కా మసీదు పైకప్పు నుండి వాననీరు కారుటయు, పై సున్నపు పొరలను తొలగించి మరల వేయవలసి వచ్చుటయు నగరవాసులెరిగినదే. అట్టి విశాలమైన కప్పులో నీరు ఎచ్చట దిగుచున్నదో తెలిసికొనుట కష్టము, ఏలయన అది పైన ఒకచోట ప్రవేశించి లోన మరియొకచోట బయటపడును. రాత్రి తీసిన ఉష్ణచిత్రము ఆ అన్వేషణమును కొన్ని గజముల మేరకు కుదింపగలదు. ఆపైన తేమమాపకము, మేస్త్రీ చేయి నిర్ణయింపవలెను.

1590వ దశకమున రూపొందిన బాద్షాహీ ఆషూర్‌ఖానా రంగుపలకల గోడలు 1908 మూసీ వరదలో మునిగి, క్రింది భాగమున తమ పలకలను కోల్పోయినవి. మిగిలిన పలకలు గోడను ఎంత గట్టిగా పట్టుకొని యున్నవో తట్టి చూచుటకు సాహసింపరాని ఇట్టి చోట్లనే, తాకక పరీక్షించు విద్యకు విలువ అత్యధికము. ఐనను మెరుగు గల పలక ప్రతిబింబములను గూడ చూపును గనుక, పరీక్షకుడు తన శరీరపు వేడినే లోపమని భ్రమింపకుండ ప్రక్కకు జరిగి మరల చూడవలెను. మచ్చ అతనితో పాటు కదలినచో అది గోడలోనిది కాదు.

మీటరు బోర్డు ముందు

ఇక రెండవ శత్రువు. తీగలో పుట్టు వేడి కరెంటు యొక్క వర్గమునకును నిరోధమునకును గల లబ్ధము. వదులైన ఒక ముడి వద్ద నిరోధము ఓమ్‌లో నూరవ వంతేయనుకొందము: 30 ఆంపియర్లు పారునప్పుడు అచ్చట 9 వాట్లు, 60 ఆంపియర్లు పారునప్పుడు 36 వాట్లు వెలువడును. వేలి కొనయంత చోట 36 వాట్లన్నది స్వల్పము కాదు. వేడికి లోహము ఆక్సీకరణము చెంది నిరోధము పెరుగును. నిరోధము పెరిగినకొలది వేడి పెరుగును. ఈ విషవలయము ఇన్సులేషన్ కరగువరకు సాగును. పూర్వమొక ఫ్యానుకు, రెండు దీపములకు వేసిన తీగపైననే నేడు ఏసీ, ఫ్రిజ్, నీటి మోటారు ఆధారపడియున్న ఇండ్లలో ఈ ప్రమాదము మరింత సన్నిహితము.

పరీక్షకుని పద్ధతి సరళము: ఒకే లోడు మోయుచున్న మూడు ఫేజులను ప్రక్కప్రక్కన చూచి, ఏది తన తోటివానికంటె వేడిగా నున్నదో కనుగొనుట. ఒకటి నుండి మూడు డిగ్రీల భేదము శంకకు తావిచ్చును. నాలుగు నుండి పదునైదు డిగ్రీలు లోపమును సూచించును. పదునైదు దాటిన భేదమునకు తక్షణమే మరమ్మతు చేయవలెనని పరిశ్రమలో ప్రసిద్ధమైన మార్గదర్శకము. ముడి దగ్గర మిక్కిలి వేడిగా నుండి, తీగవెంట దూరమైనకొలది చల్లబడుచున్నచో లోపము ముడిది; తీగ ఆసాంతము సమానముగా వేడెక్కినచో లోపము లోడుది, ఆ తీగకు మోయలేని భారము మోపబడినది.

ఉద్గారత చేయు మోసము ఇచ్చట ప్రాణాంతకము. 35 డిగ్రీల గదిలో, మెరయుచున్న రాగి పట్టీ ఒకటి వాస్తవముగా 90 డిగ్రీలుండినను, కెమెరా దానిని 40 డిగ్రీల లోపుగానే చూపవచ్చును. ఏలయన అది స్వీయ వికిరణముకంటె గది వికిరణమునే అధికముగా ప్రతిఫలించుచున్నది. అనుభవజ్ఞులు ముందుగానే, కరెంటు ఆపివేసిన వేళ, అట్టి పట్టీపై నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, పిమ్మట ఆ ముక్కనే కొలుతురు. బోర్డు మూత తీయక, ప్లాస్టిక్కు లేక గాజు గుండ చూచి తృప్తిపడువారు మూత వేడిని మాత్రమే కొలిచినవారగుదురు. మూత తీయుట మాత్రము శిక్షణ పొందిన విద్యుత్ కార్మికుని పనియే, ఇంటివారు సాహసింపరాదు.

ఇచ్చటను నిర్ణాయకము వేళయే. సగము లోడు మీద వేడి నాల్గవ వంతే. పరికరము తన సామర్థ్యములో కనీసము నలువది శాతము మోయునప్పుడే పరీక్షింపవలెననుట అందుచేతనే. పుష్యమాసపు ఉదయము దోషరహితముగా కనబడిన బోర్డు మే మాసపు రాత్రి, ఏసీలన్నియు పనిచేయువేళ, వేరొక రూపము చూపును. లాడ్ బజారు చుట్టుప్రక్కల దుకాణములకు రంజాన్ మాసపు రాత్రులకంటె భారమైన వేళ లేదు. తెల్లవారుజాము వరకు వెలుగు దీపములతో, జనసమ్మర్దముతో బజారు క్రిక్కిరిసియుండగా, తీగలును తమ సామర్థ్యపు టంచున నిలిచియుండును. తనిఖీకి వచ్చువారు ఆ మాసపు మొదటి రాత్రులను ఎన్నుకొనినచో, లోపము ముదురుటకు ముందే దానిని పట్టు అవకాశమెక్కువ.

చిత్రము, సాక్ష్యము

ఉష్ణచిత్రములోని ఎరుపు నిజమైన ఎరుపు కాదు, నీలము నిజమైన నీలము కాదు. కొలత అంకెలకు యంత్రము తొడిగిన వేషములవి. రెండు డిగ్రీల భేదమును గూడ అగ్నిగుండముగా చూపునట్లు రంగుల పరిధిని కుదించుట సాధ్యము. యాబది డిగ్రీల భేదమును కనబడనీయక కప్పుటయు సాధ్యమే. 1983లో కట్టడముల ఉష్ణచిత్రణమునకు ఏర్పడిన ఐఎస్ఓ 6781 ప్రమాణము వంటివి పుట్టినది చిత్రముతో పాటు పరిస్థితులను గూడ నమోదు చేయు అలవాటును నెలకొల్పుటకే. శీతల దేశములలో ఈ విద్య ప్రధానముగా ఇంటినుండి జారిపోవు వెచ్చదనమును వెదకుటకు పెరిగినది. మనకది ఎండను, ముసురును, అతిభారపు తీగలను చదువు విద్యగా మారవలెను, మన వేళలను మనమే నిర్ణయించుకొనవలెను.

అట్లయినచో హుస్సేనీ ఆలం వంటి పేటకు ఒక క్రమమును సూచించుట కష్టము కాదు. తొలకరికి ముందు, ఎండలు ముదిరిన దినములలో, మధ్యాహ్నమొకసారి, రాత్రి యొకసారి గోడల చిత్రములు. వానలు వెలిసి గాలి పొడిబారిన మొదటి వారమున చెమ్మ చిత్రములు. వేసవి రాత్రులను, పండుగ మాసమున, భారము పూర్తిగా మోయుచున్న బోర్డుల చిత్రములు. ప్రతి చిత్రము ప్రక్కను గంట, ఎండ, గాలి, తేమ, గోడ పదార్థము, ఆంపియర్లు వ్రాయబడవలెను. మరుసటి ఏడు అదే చోట, అదే వేళ, అదే భారముతో తీసిన చిత్రముతో పోల్చిచూడవలెను. అప్పుడు చిత్రము చూపిన చోట మేస్త్రీ తన కొయ్య సుత్తితో తట్టును, విద్యుత్ కార్మికుడు తన స్క్రూడ్రైవరును చేతబట్టును. తీసిన గంట వ్రాయబడని ఉష్ణచిత్రము ఎంత వర్ణమయమైనను వినోదమే. గంట, భారము, పదార్థము వ్రాయబడినది సాక్ష్యము, దానిని నమ్మి పరంజా కట్టవచ్చును, తీగ మార్చవచ్చును.